ఎండి కళ్ళు

నౌపడా దాటగానే రైలు కిటికీలో
తెల్లగా మెరిసేది మంచు కాదు.
ఆ తెలుపు మధ్య చెక్కపార పట్టుకుని
దాలమ్మ నిలబడి ఉంటుంది,
పిక్కల దాకా ఆకాశంలో.

ఆమె సూర్యుణ్ణి పైన వెతకదు.
మడిలో నీరు పొర కట్టే తీరులో చూస్తుంది,
పార అంచుకి తగిలే బరువులో,
గట్టు మట్టి చిటుక్కుమన్న చప్పుడులో.
"నిన్నటి మీద ఇయేళ సెగ పిసరెక్కువ" అంటుంది.
నా ల్యాబ్ థర్మామీటరుకి ఆ పిసరు దొరకలేదు.

తల్లిదండ్రుల మీటింగు రోజు
అదృష్టం, కరెంటుంది.
తొమ్మిదో తరగతి గోడ మీద సూర్యుణ్ణి వేశాను.
సున్నం ఊడిన చోట ఒక మచ్చ,
దాని పక్కన అసలు మచ్చ.
అందులో భూమిని జారవిడిస్తే
చప్పుడు కూడా రాదని చెప్పాను.
ఇది మనవాళ్ళు పంపిన ఉపగ్రహం తీసిందనీ
పదిహేను లక్షల కిలోమీటర్ల అవతల
ఇటు భూమికీ అటు సూర్యుడికీ చెందని చోట
తిరుగుతూ కాపలా కాస్తోందనీ
అక్కడ పొద్దు గుంకదనీ చెప్పాను.

చామంతి వాళ్ళమ్మ దాలమ్మ
వెనక బెంచీలోంచి అడిగింది:
"పొద్దు గుంకకపోతే మరి
కూలెప్పుడిస్తారు మేస్టారూ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఇంటికెళ్ళి అన్నం ముందు కూచున్నాక
నవ్వు రాలేదు.

ఇంకా చెప్పాను ఆ రోజు.
సూర్యుడు ఒక్కోసారి ఒంట్లో నిప్పుని
కోట్ల టన్నుల లెక్కన విసురుతాడని,
రెండు మూడు రోజులకి అది మనల్ని తాకితే
రేడియోలకి గొంతు పోతుందని,
పడవలో పెట్టుకున్న దారి చూపే పెట్టె
దారి తప్పుతుందని,
మధ్యలో నిలబడ్డవాడు గంట ముందు కేకేస్తాడని.

"ఆ ఇసురుకి మా ఉప్పేటౌతాది?"
ఏమీ కాదన్నాను.
"వానొస్తే సెప్తాదా?"
చెప్పదన్నాను.
కొంచెంసేపు ఊరుకుంది.
"అయితే దాని వాన దానిది."

మర్నాడు సైకిలు మీద వెళ్తూ చూశాను.
ఒక అరచెయ్యి సూర్యుడికి అడ్డం పెట్టి
దాని చుట్టూ ఉన్న ఆకాశాన్ని చదువుతోంది,
భావనపాడు వైపు మబ్బు లేస్తోందా అని.
నేను బోర్డు మీద బిళ్ళ గీసి,
బాణాలు గీసి,
సూర్యుణ్ణి మూస్తే తప్ప
సూర్యుడి కిరీటం కనబడదని
నలభై నిమిషాలు చెప్పిన పాఠం అది.
ఆమె వేళ్ళ మధ్య ఉప్పు కోసిన పగుళ్ళున్నాయి.
వాటిలోంచి కొంత వెలుగు కారిపోతుంది.

ఏప్రిల్లో ఆమె కుడి కంటి పొర తీశారు టెక్కలిలో.
నల్లద్దాలు ఇచ్చారు.
మడిలోకి దిగొద్దన్నారు నెల్లాళ్ళు.
పదకొండో రోజు దిగింది.
"దానికీ నల్లద్దాలు పెట్టేరా?" అని అడిగింది నన్ను చూసి.
పెట్టారన్నాను, చాలా మందంవి.
"అయినా రెప్పెయ్యకుండా అన్నేసి రోజులు
కళ్ళు పోవేటి?
దాని పేరున మొక్కినోళ్ళెవులు?"

నాకు జవాబు తెలియదు.
ఆ రాత్రే వాన.
తాటాకులు కప్పిన గుట్టలు తెల్లారేసరికి
నడుం వంగాయి.
పైన వాడికి మాత్రం ఎండే,
మచ్చలు లెక్కపెడుతున్నాడు,
మాకు ఇక్కడ లెక్క తప్పింది.

ఆదివారం అరసవల్లి బస్సులో కనిపించింది.
గుడి బయట కొట్లో, పళ్ళెం నిండా
ఎండి కళ్ళు, రేకువి,
ఎవరినీ చూడకుండా మెరుస్తున్నాయి.
బేరమాడి రెండు జతలు తీసుకుంది.
ఒకటి తనకి.
రెండోది ఎవరికని కొట్టువాడూ అడగలేదు,
నేనూ అడగలేదు.

తిరుగు బస్సులో నల్లద్దాలు తీసి
కొంగుతో తుడిచింది.
మళ్ళీ తుడిచింది.
ఉప్పు పోలేదు.